మచ్చోడు దాపట ఎద్దు

నా పేరు సుభానీ. సత్తెనపల్లి చుట్టుపక్కల ఎక్కడ ఎడ్ల బండలాగుడు పందెం జరిగినా మైకు నాదే. "వస్తున్నాయ్, వస్తున్నాయ్, బరి అదిరిపోతోంది" అని గొంతు చించుకునేది నేనే. అంచేత ఈ కథ కూడా కాస్త గట్టిగానే చెబుతాను, చెవులు జాగ్రత్త. ఈసారి చెప్పేది ఎడ్ల గురించి కాదు. మా ఊరి పిల్ల స్తుతి గురించి.

స్తుతి పగలు గుంటూరు రోడ్డు మీదున్న ఒక కోల్డ్ స్టోరేజీలో కంప్యూటర్ ఆపరేటరు. లోపలికొచ్చిన మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు, బయటికి పోయిన టిక్కీలు లెక్కలోకి ఎక్కించడం పని. సాయంత్రం ఇంటికొచ్చి, తలారా స్నానం చేసి, ఘాటు వదిలించుకుని మళ్ళీ కంప్యూటరు ముందే కూర్చుంటుంది. "మార్క్ కూతురు ఇంకా ఆటలాడుకుంటుందంట" అని ఊళ్ళో కొందరు నవ్వుతారు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ పిల్ల ఆట ఆడదండీ. ఆట ఆగిపోకుండా చూస్తుంది. రెంటికీ తేడా తెలియనివాళ్ళకి బండ ఎంత బరువో చెప్పినా ఒకటే, చెప్పకపోయినా ఒకటే.

పొలం దున్నుకునే కంప్యూటర్ ఆట ఒకటుంది. అది ఏ కంపెనీదీ కాదు. ఎక్కడెక్కడి వాళ్ళో కలిసి, జీతం బత్తెం లేకుండా రాసుకున్నది. దాని కోడ్ అందరికీ తెరిచే ఉంటుంది. చేతనైనవాడు దానికి తన ముక్క ఒకటి తగిలించుకోవచ్చు. ఆ ముక్కని మోడ్ అంటారు. ఒంగోలు కుర్రాడు అనిల్ కుమార్ అలా మన బండలాగుడుని ఆ ఆటలోకి ఎక్కించాడు. మా ఊరి మోతుబరి బుల్లయ్య గారి జతని నాలుగు పక్కలా ఫోటోలు తీసుకుని, అచ్చం వాటినే చేశాడు. ఒకడు తెల్లోడు. రెండోవాడు మచ్చోడు, మూపురం మీద అరచెయ్యంత నల్లమచ్చ ఉన్నవాడు. మైకులో గొంతు నాదే. బ్రెజిల్లో ఎవరో నా కేకలు వింటూ బండ లాగిస్తున్నారని తెలిసినప్పుడు నేను నాలుగు రోజులు నేల మీద నడవలేదు.

తర్వాత అనిల్‌కి ఉద్యోగం వచ్చింది, పెళ్ళయింది, కవలలు పుట్టారు. తీరిక లేక మోడ్ వదిలేశాడు. అప్పటికే చిన్న చిన్న తప్పులు సరిచేసి పంపుతున్న స్తుతి చేతిలో తాళాలు పెట్టి తప్పుకున్నాడు.

ఆ పిల్ల చేసే పని నాకు అర్థమైనంత వరకు చెబుతాను. కోడ్, బొమ్మలు, నా గొంతు, అన్నీ కలిపి మూట కట్టాలి. విండోస్‌కి ఒక మూట, లినక్స్‌కి ఒకటి, ఫోన్లకి ఒకటి. దాన్ని బిల్డ్ అంటారు. అసలు ఆటలో ఏ చిన్న మార్పు వచ్చినా ఇక్కడ ఏదో ఒక మూట ముడి ఊడుతుంది. మూట కట్టడం ఒక ఎత్తయితే, విప్పినప్పుడు ఎడ్లు, బండ, దుమ్ము తెర మీద సరిగ్గా కనపడటం ఇంకో ఎత్తు. అది రెండరింగ్. దుమ్ముంటే ఎద్దు కనపడాలి, ఎద్దు నడిస్తే నీడ కదలాలి. అన్నీ కుదిరితే పచ్చ గుర్తు వస్తుంది, లేకపోతే ఎర్ర గుర్తు. మా ప్రాంతంలో కాయ ఎర్రబడితే పండగ, పచ్చగా ఉంటే దిగులు. ఈ పిల్లది తలకిందుల సేద్యం.

నిరుడు మచ్చోడు చచ్చిపోయాడు. బుల్లయ్య గారు రెండు రోజులు అన్నం ముట్టలేదు. తెల్లోడికి వేరే జత కట్టలేదు, పందేలకీ పంపలేదు, ఊరికే కొట్టంలో పెట్టి మేపుతున్నారు. ఇక ఆ జత కలిసి బండ లాగే చోటు భూమ్మీద ఒక్కటే మిగిలింది, స్తుతి చూసుకుంటున్న ఆ మోడ్.

సరిగ్గా ఆ ఏడే ఆట నడిపేవాళ్ళు కబురు పెట్టారు. బొమ్మ గీసే పాత పద్ధతి ఎత్తేస్తున్నారట. కొత్త వెర్షన్ ఈస్టర్ తర్వాత వస్తుందట. ఆలోగా కొత్త పద్ధతికి మారని మోడ్‌లన్నిటినీ తీసి పక్కన పడేస్తారట. ఆ సంగతి చెప్పడానికి స్తుతి మా ఇంటికొచ్చింది.

"బాబాయ్, ఇది పోతే ఇంక మళ్ళీ ఎవరూ చెయ్యరు. అనిల్ అన్న రాడు. నాకు మొదటినుంచి కట్టడం రాదు, ఉన్నదాన్ని నిలబెట్టడమే వచ్చు."

"నిలబెట్టు మరి."

"నిలబెడతా. నిలబడకపోతేనే..." అని ఆగిపోయింది.

ఆ పిల్ల గురించి ఒక మాట చెప్పాలి. ఎవరికి ఏ ముక్క రాసినా "సారీ"తో మొదలుపెడుతుంది. మోడ్‌లని పరిశీలించే హెన్రిక్ అనే ఆయన ఎక్కడో చలిదేశంలో ఉంటాడు. ఆయన తప్పు చేసినా సారీ ఈ పిల్లే చెబుతుంది. ఒకసారి చదివి వినిపిస్తే నేను తిట్టాను కూడా. "నువ్వు వాళ్ళ పొలంలో కలుపు తీస్తూ, వాళ్ళకే క్షమాపణ చెప్తావేందే?" అన్నాను. నవ్వి ఊరుకుంది.

చలికాలం అంతా అదే పని. ఫోన్ మూట ముడి పడితే లినక్స్ మూట ఊడేది. దుమ్ము నల్లటి చదరపు పలకల్లా లేచేది. కళ్ళాల్లో మిరపకాయలు ఎండేవేళకి వాళ్ళ ల్యాప్‌టాప్ ఫ్యాన్లో ఎర్రపొడి చేరి, అది కూడా ఈ పిల్లతో పాటు తుమ్మినట్టు చప్పుడు చేసేది. అయినా ఒక్కొక్కటే సర్దుకుంటూ వచ్చింది. చివరికి ఒక చిక్కు మిగిలింది. పాత పద్ధతిలో కుడి ఎడమల లెక్క ఒక రకం, కొత్తదాంట్లో అది తిరగబడింది. ఎడ్లతో సహా ప్రతిదాన్నీ ఏ పక్క ఉండాలో చూసుకుని చేత్తో మళ్ళీ పెట్టాలి.

అందుకే ఒకరోజు ఫోన్ చేసింది. "బాబాయ్, మచ్చోడు దాపట ఎద్దే కదా? దాపట అంటే ఎడమేగా?"

కాడికి ఎడమ పక్క కట్టేది దాపట ఎద్దు, కుడి పక్కది ఎలపట ఎద్దు. దాపట అలవాటైనవాణ్ణి ఎలపట కడితే వాడు బలం పెట్టడు, పక్కకి లాగుతాడు. ఇది ఎడ్లు ఎరిగినవాళ్ళందరికీ తెలిసిందే. "ఎడమే, ఎడమే" అని ఫోన్ పెట్టేశాను. ఎద్దు ఈనిందంటే దూడని గాటన కట్టెయ్యమన్నట్టు చెప్పానని అప్పుడు తెలియలేదు.

ఎడ్లని సర్దింది. అన్ని మూటలకీ పచ్చ గుర్తు వచ్చింది. హెన్రిక్ బొమ్మలు చూసి బ్రహ్మాండంగా ఉన్నాయన్నాడు. ఆయనకేం, రెండూ తెల్ల ఎద్దులే. కానీ ఆడి చూసినవాళ్ళు గోల మొదలుపెట్టారు. బండ నేరుగా పోవడం లేదు. నాలుగు అడుగులు వెయ్యగానే ఎడ్లు పక్కకి లాగి, బండ గీత దాటిపోతోంది. గీత దాటితే ఆట అయిపోయినట్టే. ఇది సరికాకపోతే కొత్త వెర్షన్‌లో చేర్చలేనని హెన్రిక్ రాశాడు.

స్తుతి బండ బరువు మార్చింది. గొలుసు పొడవు మార్చింది. నేల రాపిడి మార్చింది. గీత దాటడం మాత్రం ఆగలేదు. ఈస్టర్‌కి వారం ముందు వచ్చే మట్టల ఆదివారం దగ్గరికొచ్చేసింది. కోల్డ్ స్టోరేజీలో సీజన్ రద్దీ ఒకటి. పిల్ల మొహం పీక్కుపోయింది. చూస్తే నాకు ఏడుపొచ్చింది, నిజంగానే.

ఆ ఆదివారం మధ్యాహ్నం నేను బుల్లయ్య గారిని వెంటబెట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. ఆయన ఎప్పట్నుంచో మచ్చోణ్ణి చూపించరా అని నా ప్రాణం తీస్తున్నారు. ఒకవేళ మోడ్ పోయేదే అయితే, పోయేలోపు చూపిద్దామని నా ఆలోచన. అప్పుడే చర్చి నుంచి వచ్చారు వాళ్ళు. అరుగు మీద మట్టలు పెట్టి ఉన్నాయి. స్తుతి వాళ్ళ నాన్న మార్క్, బుల్లయ్య గారికి కుర్చీ వేసి, తాను గుమ్మం పక్కన నిలబడ్డాడు. వాళ్ళమ్మ ఎలీసమ్మ అందరికీ మజ్జిగ ఇచ్చింది.

స్తుతి ల్యాప్‌టాప్ తెరిచింది. బరి కనపడింది. దుమ్ములోంచి జత ఎదురుగా నడిచొస్తోంది. మచ్చోడి మూపురం ఊగుతోంది. బుల్లయ్య గారు మజ్జిగ గ్లాసు కింద పెట్టేశారు. "వాడే. వాడి నడకే" అన్నారు. కళ్ళు తుడుచుకున్నారు. అంతలోనే మొహం ఎర్రబడింది.

"ఒరేయ్ సుభానీ! మచ్చోణ్ణి ఎలపట కట్టిన ఎదవ ఎవడ్రా?"

నేను ఉలిక్కిపడ్డాను. స్తుతి మెల్లగా అంది. "నేనేనండి. ఎలపట కాదండి, దాపటే కట్టాను. చూడండి, ఎడమ పక్కే ఉన్నాడు" అని తెర మీద ఎడమవైపు వేలు పెట్టి చూపించింది.

"ఎవడి ఎడమ అమ్మాయ్?" ఆయన కుర్చీలోంచి లేచి, పగ్గాలు పట్టినట్టు రెండు చేతులూ ముందుకు చాచారు. "ఇదిగో, తోలేవోణ్ణి నేను. ఎడ్లు నా ముందర ఉన్నాయి. ఇది నా ఎడమ. ఇక్కడుండాలి మచ్చోడు. నువ్వు చూపిస్తుంది ఎదురుగా నిలబడ్డోడి ఎడమ. ఎదురుగా నిలబడి ఎడ్లు తోలతారా ఎవరన్నా?"

స్తుతి వాళ్ళ నాన్న వైపు చూసింది. మార్క్ గుమ్మం దగ్గర్నుంచే అన్నాడు.

"తప్పు అమ్మాయిది కాదండి. చిన్నప్పటి నుంచి నా పక్కనే కూచుని చూసింది. మాకు ఎప్పుడూ ఎదురొచ్చేయండీ ఎడ్లు."

నాకు అప్పుడు వెలిగింది. పందెంలో బరి చివర ఒక మనిషి జెండా పట్టుకుని నిలబడతాడు. ఎడ్లు అక్కడి దాకా వచ్చి వెనక్కి తిరగాలి. బండ గీత దాటితే జెండా ఎత్తుతాడు. ఏళ్ళ తరబడి మా బరి చివర ఆ మనిషి మార్క్. ఎండలో, దుమ్ములో, మీదికొచ్చే ఎడ్లకి ఎదురుగా. కూతురు పిల్లప్పుడు అక్కడే గొడుగు కింద కూర్చునేది. పగ్గాలు పట్టేది కామందుల పిల్లలు, వాళ్ళ చుట్టాలు. మార్క్ వాళ్ళ ఇంట్లో ఎవరినీ ఎడ్ల వెనక నిలబడమని ఎవరూ అనలేదు. అనరు కూడా. జెండా పట్టినవాడి పేరు మైకులో చదివే ఆనవాయితీ కూడా లేదు. ఎడ్ల యజమాని పేరు, ఊరు, తోలేవాడి పేరు, బండ ఇచ్చినవారి పేరు, షామియానా ఇచ్చినవారి పేరు, ఇవన్నీ చదువుతాం. ఆ మధ్యాహ్నం నాకు అది అన్యాయమనిపించింది.

బుల్లయ్య గారు మళ్ళీ కూర్చుని మజ్జిగ తాగారు. ఆయన తప్పయిందనే మనిషి కాదు. "సరే, సరిచెయ్ అమ్మాయ్. వాడు బతికున్నప్పుడు ఒక్కరోజు ఎలపట ఎరగడు" అన్నారు. గొంతు మాత్రం తగ్గింది.

ఎద్దు ఏ పక్క ఉందో తోలేవాడి చోటు నుంచి చూసుకుని, పక్క తప్పితే నిజం ఎద్దులాగే పక్కకి లాగేలా అనిల్ ఎప్పుడో రాసిపెట్టాడట. ఈ పిల్లేమో తనకు తెలిసిన చోటు నుంచి చూసి కట్టింది. అక్కడికక్కడే కోడ్‌లో ఒకచోట చిన్న అడ్డగీత పెట్టింది. మైనస్ గుర్తట. మచ్చోడు అటు, తెల్లోడు ఇటు అయ్యారు. ఆట నడిపింది. బండ తాడు గుంజి గీసినట్టు నేరుగా బరి చివరిదాకా వచ్చింది. నాకు తెలియకుండానే "వచ్చేసింది, వచ్చేసింది" అని మైకు లేని కేక పెట్టాను. పక్కింటి కుక్క మొరిగింది.

అయిపోయిందనుకున్నాను. కాలేదు. స్తుతికి తన మీద తనకి కోపమొచ్చింది. ఆటలో బరిని మనం చూసే చోటుని కెమెరా అంటారు, ఎదుటి నుంచి చూపించే ఆ కెమెరా తీసేస్తానని కూర్చుంది. హెన్రిక్ కూడా అదే అన్నాడట. తోలేవాడి వెనక నుంచి చూపించేది ఎలాగూ కావాలి, రెండు కెమెరాలుంటే చిన్న ఫోన్లలో ఆట నత్తనడక నడుస్తుంది, ముందుది తీసెయ్ అని. వారం మధ్యలో నేను వెళ్ళేసరికి తండ్రీ కూతుళ్ళు ఆ మాట మీదే ఉన్నారు. మార్క్ కళ్ళంలో కాయలు తిరగేసి వచ్చి చేతులు కడుక్కుంటున్నాడు.

"నాన్నా, ఆ చోటు వల్లే కదా ఇంత తప్పు జరిగింది."

"చోటు తప్పెందుకవుద్దే?" మార్క్ తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు. "ఎనకమాల నిలబడ్డోడికి ఏం కనపడతాయి? తోకలు. నాకు కళ్ళు కనపడేయి. ఏ ఎద్దు లాగుద్దో, ఏది మొరాయిస్తదో, తోలేవోడి కంటే ముందు నాకు తెలిసేది. మచ్చోడు బండ కదిలే ముందు ఒకసారి కళ్ళు మూసి తెరిచేవోడు. బుల్లయ్య గారికి తెలవదు ఆ సంగతి. నేను చూశా."

స్తుతి ల్యాప్‌టాప్ దగ్గరికి పోయి కూర్చుంది.

ఆ తర్వాత చేసిన పని నాకు బాగా నచ్చింది కాబట్టి వివరంగా చెబుతాను. ఎదుటి నుంచి చూస్తే ఎడ్లే అడ్డం. వాటి వెనకున్న బండ, తోలేవాడు, ఆ వెనకున్న షామియానా, జనం, అంతా ఎడ్ల చాటున, దుమ్ములో కలిసిపోతారు. కనపడనిదాన్ని కంప్యూటరు గీయక్కర్లేదు కదా. గీయొద్దని చెప్పింది. అంతే, ఎదుటి కెమెరా వెనకదానికంటే తేలికైపోయింది. వెనక నుంచి చూస్తే గింజుకునే చిన్న ఫోన్లలో కూడా ముందు నుంచి చూస్తే ఎడ్లు గంతులేస్తూ వచ్చాయి. వాడుకలో లేని కెమెరా పని పూర్తిగా ఆపేసేలా కూడా ఏదో చేసింది. మచ్చోడి కళ్ళు మూసి తెరవడం కూడా చేర్చింది.

హెన్రిక్‌కి రాసింది నాకు తెలుగులో చదివి వినిపించింది. "ఎదుటి కెమెరా ఉంటుంది. కారణాలు, కొలతలు కింద ఇచ్చాను. చూడండి." మొదట్లో సారీ లేదు. చివర్లో కూడా లేదు. నేను కావాలనే రెండోసారి చదివించుకున్నాను.

గుడ్ ఫ్రైడే నాటికి జవాబు వచ్చింది. కొలతలు తానూ తీసి చూశాడట, నిజమేనట, రెండూ ఉంచమన్నాడు. కెమెరాలకి పేర్లు మాత్రం చిన్నగా ఒక్కో మాటలో పెట్టమన్నాడు. వెనకదానికి "పగ్గాలు" అని పెట్టింది స్తుతి. ముందుదానికి "మార్క్" అని పెట్టింది. హెన్రిక్ మెచ్చుకున్నాడు. మార్క్ అంటే ఇంగ్లీషులో గుర్తు కదా, బరి చివర గుర్తు దగ్గర నిలబడే కెమెరాకి సరిగ్గా సరిపోయిందన్నాడు. ఈ పిల్ల అవునండి అని ఊరుకుంది. ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే రకం నేను, నాకైతే నవ్వాగలేదు.

ఈస్టర్ మర్నాడు నన్ను పిలిచింది. ఎదుటి కెమెరా తెరిచినప్పుడు ఒక కొత్త కేక కావాలంది. గదిలో ఫ్యాన్ ఆపి, కిటికీ మూయడం మరిచిపోయి, ఫోన్ నా నోటి ముందు పెట్టింది. ఏం అనాలో చెప్పింది. ఎన్ని తిరునాళ్ళలో ఎన్ని పేర్లు చదివానో, ఈ ఒక్క పేరుకి మాత్రం గొంతు సర్దుకోవాల్సి వచ్చింది. ఊపిరి నిండా తీసుకుని, పందెం రోజు ఎలా అరుస్తానో అలాగే అరిచాను.

"బరి చివర, జెండా దగ్గర... మా... ర్క్!"

కిటికీ అవతల కళ్ళంలో కాయలు తిరగేస్తున్న మార్క్, ఎవరో నిజంగానే పిలిచారనుకున్నాడు. అంతే గట్టిగా పలికాడు. "ఆఁ! ఇక్కడే ఉన్నా!"

రికార్డింగ్ పాడైందని నేను తల పట్టుకున్నాను. "మళ్ళీ అరుస్తా, కిటికీ మూసెయ్" అన్నాను. స్తుతి ఫోన్ నా చేతికి ఇవ్వలేదు. ఒకసారి విన్నది. నవ్వింది, కళ్ళనీళ్ళు పెట్టుకుంది, ఆ రెండూ ఒకేసారి చేసింది.

"వద్దు బాబాయ్. ఇదే ఉంటుంది" అంది.

ఆ సాయంత్రమే మూటలు కట్టింది. విండోస్, లినక్స్, ఫోను, మూడిటికీ పచ్చ గుర్తు వచ్చింది. కొత్త వెర్షన్‌లో మా బండలాగుడు ఉంది. ఎక్కడి మనిషి తెరిచినా మచ్చోడు దాపటే ఉంటాడు, బండ లాగే ముందు ఒకసారి కళ్ళు మూసి తెరుస్తాడు. నేను మార్క్ పేరు పిలుస్తాను. బరి చివర్నుంచి ఆయన ఇక్కడే ఉన్నానంటాడు.